బాపు కప్పులో చక్కెర ఎంత? కథలాపూర్ వంటింట్లో ఒక హాట్ చాక్లెట్ ప్రయోగం

ఈ సైట్‌లో నా పేరు మీద ఇప్పటిదాకా వచ్చినవన్నీ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల రివ్యూలే. హాట్ చాక్లెట్ గురించి రాస్తానంటే మా ఎడిటర్ ముందు నవ్వాడు. కానీ ఈ కథలో ఒక 0.1 గ్రాముల కాంటా ఉంది, మిల్క్ ఫ్రోదర్ ఉంది, థర్మామీటర్ ఉంది, చేతికి అంటించుకునే గ్లూకోజ్ సెన్సర్ ఉంది, రాత్రి 2 గంటలకు మోగిన ఒక అలారం కూడా ఉంది. అంటే మన సబ్జెక్టే.

ఒక దిర్హమ్ కప్పు

మాది జగిత్యాల జిల్లా కథలాపూర్. మా వైపు ఏ వాడలో చూసినా గల్ఫ్‌లో మనిషి ఉన్న ఇల్లు కనిపిస్తుంది. మా బాపు నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు దుబాయ్ పోయాడు. 17 ఏళ్లు చేసి, పోయిన ఏడాది పూర్తిగా వచ్చేశాడు. మొదట్లో కాలింగ్ కార్డుతో వారానికి ఒక ఫోన్. తర్వాత ఐఎంఓలో వీడియో (వాట్సాప్ కాల్స్ అక్కడ పనిచేయవు, గల్ఫ్ ఇండ్లల్లో పెరిగినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు). నైట్ షిఫ్ట్ అయిపోయి క్యాంపుకు వచ్చాక కాల్ చేసేవాడు. నెట్ సరిగా లేక మొహం పిక్సెల్స్‌గా పగిలిపోయేది. ఆ పిక్సెల్స్ మధ్యలో ఎప్పుడూ ఒక పేపర్ కప్పు ఉండేది. మెషిన్‌లో ఒక దిర్హమ్ వేస్తే వచ్చే హాట్ చాక్లెట్. ఆ కప్పు అయిపోయేదాకా మాట్లాడేవాడు, అయిపోతే పండుకునేవాడు.

వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఖర్జూరాలు, పాలపొడి డబ్బాతో పాటు డ్రింకింగ్ చాక్లెట్ డబ్బాలు మూడు తెచ్చుకున్నాడు. అవి అయిపోయాక నేనే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెడుతూ వచ్చాను. రోజూ రాత్రి తొమ్మిదికి ఒక కప్పు.

ఆ తర్వాత కాళ్లు గుంజుతున్నాయంటే కోరుట్లలో టెస్టులు చేయించాం. పరగడుపు షుగర్ 118, హెచ్‌బీఏ1సీ 6.3. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, 6.5 లేదా అంతకంటే ఎక్కువైతే డయాబెటిస్. అంటే గీతకు ఒక అడుగు ఇవతల. డాక్టర్ మూడు నెలలు టైమ్ ఇచ్చాడు. అన్నం తగ్గించు, నడువు, తీపి తగ్గించు, మూడు నెలల తర్వాత మళ్లీ చూద్దాం, తగ్గకపోతే మందులు.

బాపు మొండి మనిషేం కాదు. "అన్నం తగ్గియ్యి అంటే తగ్గిస్త. చాయ్‌ల చక్కెర బంద్ అంటే బంద్. గా ఒక్క కప్పు జోలికి మాత్రం రాకుండ్రి" అన్నాడు. అమ్మ నా మొహం చూసింది. ఆ కప్పు ఆయనకు ఏంటో మా ఇద్దరికీ తెలుసు. తీసేయడం కుదరదు. సరే, హార్డ్‌వేర్ అదే ఉంచి లోపల సాఫ్ట్‌వేర్ మారుద్దాం అనుకున్నాను.

డబ్బా వెనక స్పెక్ షీట్

మనం ఫోన్ కొనేటప్పుడు బాక్స్ ముందు వైపు ఉన్న "200 మెగాపిక్సెల్" చూసి మోసపోం కదా, సెన్సర్ ఏది, ఓఐఎస్ ఉందా అని వెనక్కి తిప్పి చూస్తాం. తినే డబ్బాను మాత్రం ఎవ్వరం తిప్పం. అక్షరాలు కూడా ఎంత చిన్నగా ఉంటాయంటే నేను ఫోన్ మాక్రో మోడ్‌లో ఫొటో తీసి, గూగుల్ లెన్స్‌తో టెక్స్ట్ బయటికి లాగాల్సి వచ్చింది.

మన దేశంలో లేబుల్ రూల్ ఏంటంటే, పదార్థాలను బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. బాపు తాగే డబ్బాలో మొదటి పేరు చక్కెర. కోకో రెండోది. 2020 నాటి ఎఫ్ఎస్ఎస్ఏఐ లేబులింగ్ నిబంధనల ప్రకారం మొత్తం చక్కెర, అదనంగా కలిపిన చక్కెర వేర్వేరుగా చూపించాలి. ఈ డబ్బా మీద 100 గ్రాముల పొడికి చక్కెర 70 గ్రాములు దాటి ఉంది. అంటే మేం కొంటున్నది చాక్లెట్ పొడి కాదు, కోకో రంగు చక్కెర.

లెక్క వేద్దాం. బాపు కప్పుకు మూడు చెంచాలు వేస్తాడు, కాంటా మీద పెడితే 20 గ్రాములు. అందులో చక్కెర 14. "తీపి సాల్తలేదు" అని పైనుంచి ఇంకో చెంచా చక్కెర, దగ్గర దగ్గర 5 గ్రాములు. మొత్తం 19. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇలా కలిపే చక్కెర రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలని, 5 శాతం లోపు ఉంటే ఇంకా మంచిదని చెప్పింది. ఆ 5 శాతం అంటే సుమారు 25 గ్రాములు. పండుకునే ముందు ఒక్క కప్పులోనే 19 అయిపోతోంది.

ఇది ఒక్క డబ్బా కథ కాదు. 2023లో బోర్న్‌విటాలో చక్కెర మీద ఒక వీడియో వైరల్ అయి ఎంత గొడవైందో మీకు గుర్తుండే ఉంటుంది. కంపెనీ ఆ ఏడాది చివర్లో చక్కెర కొంత తగ్గించింది. 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖ ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్" కేటగిరీలో పెట్టొద్దని ఈ-కామర్స్ సైట్లకు చెప్పింది. అప్పుడు నేను ఆ వీడియో షేర్ కూడా చేశాను. మా ఇంట్లో డబ్బా మాత్రం తిప్పి చూడలేదు!

కోకోలో రెండు రకాలు, తేడా పెద్దదే

చక్కెర లేని కోకో పొడి కొందామని వెతికితే ఇంకో గొడవ. కోకో పొడి రెండు రకాలు: నేచురల్, డచ్ ప్రాసెస్. కోకో గింజలను పులియబెట్టి, ఎండబెట్టి, వేయించి, నూరి, అందులోంచి వెన్నను ప్రెస్ చేసి తీసేస్తే మిగిలే పిప్పిని పొడి చేస్తే వచ్చేది నేచురల్ కోకో. ఈ ప్రెస్ పద్ధతికి నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం 1828లో పేటెంట్ తీసుకుంది. పొడి పుల్లగా, చేదుగా ఉంటుందని దానికి క్షారం కలిపే పద్ధతి కూడా వాళ్లే తెచ్చారు. అందుకే దానికి డచ్ పేరు. క్షారం కలిపితే రంగు ముదురుతుంది, రుచి మెత్తబడుతుంది, పాలలో తొందరగా కలుస్తుంది. బేకరీ వాళ్లకు అదే ఇష్టం.

పోయేదేంటంటే ఫ్లేవనాల్స్. కోకో మంచిది అని మనం వినే వార్తలన్నీ వీటి గురించే. 2008లో అమెరికా మార్కెట్‌లోని కోకో పొడులను కొలిచిన ఒక పరిశోధనలో (చేసినవాళ్లలో హెర్షీ కంపెనీ శాస్త్రవేత్తలు కూడా ఉన్నారు) నేచురల్ కోకోలో గ్రాముకు సగటున 34.6 మిల్లీగ్రాములు తేలాయి. క్షారం బాగా పట్టించిన దాంట్లో 3.9. దాదాపు తొమ్మిదో వంతు.

గుర్తుపట్టడం ఈజీ. పదార్థాల లిస్టులో "అసిడిటీ రెగ్యులేటర్ 501" లేదా "500" అని ఉంటే అది క్షారం కలిపిన కోకో. 501 అంటే పొటాషియం కార్బొనేట్ కుటుంబం, 500 అంటే సోడియంది, మన తినే సోడా కూడా అందులోదే. ఏ నంబరూ లేకుండా "కోకో సాలిడ్స్" ఒక్కటే ఉండి, రంగు లేత ఎరుపు గోధుమగా ఉంటే నేచురల్ అనుకోవచ్చు. కథలాపూర్‌లో దొరకలేదు. కోరుట్లలో బేకరీ సామాను అమ్మే షాపులో దొరికింది కానీ వెనక తిప్పితే 501. చివరికి ఆన్‌లైనే.

ఇక్కడ ఓవర్ హైప్ చేయను. ఫ్లేవనాల్స్ మందు కాదు. కాస్మోస్ అని అమెరికాలో 21,442 మంది మీద చేసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2022లో వచ్చాయి. కోకో ఎక్స్‌ట్రాక్ట్ తీసుకున్నవాళ్లలో మొత్తం గుండె సమస్యలు చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. గుండె జబ్బు మరణాలు తగ్గినట్టు కనిపించింది గానీ, ట్రయల్ ప్రధానంగా పరీక్షించింది అది కాదు. పైగా 2022, 2023లలో అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ చేసిన టెస్టుల్లో చాలా చాక్లెట్లు, కోకో పొడుల్లో సీసం, కాడ్మియం ఎక్కువే కనిపించాయి. కాబట్టి రోజుకు ఒక కప్పు, 10 గ్రాములు, అంతే. నాకు కావాల్సింది కోకోతో లాభం కాదు, చక్కెరతో నష్టం లేకపోవడం. 10 గ్రాముల ఉత్త కోకోలో చక్కెర పావు గ్రాము కూడా ఉండదు, పీచు మాత్రం 3 గ్రాములకు పైనే.

ఇంకో మాట. దేశంలో కోకో ఎక్కువగా పండేది మన పక్కనే, ఆంధ్రప్రదేశ్‌లో. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి, పామాయిల్ తోటల మధ్యలో అంతర పంటగా వేస్తారు. హైదరాబాద్‌లో బంజారాహిల్స్ రోడ్ నంబర్ 12లో 2023లో తెరిచిన మానం చాక్లెట్ కార్ఖానా ఆ గోదావరి గింజలతోనే చేస్తుంది, 2024లో టైమ్ పత్రిక గొప్ప ప్రదేశాల లిస్టులో కూడా వచ్చింది. ఆఫీసు వాళ్లతో ఒకసారి పోయాను. బాపును తీసుకుపోతే బిల్లు చూసి "గీ పైసలకు దుబాయ్ టికెట్ వస్తది" అంటాడని తీసుకుపోలేదు. ధరలు కూడా అప్పట్లో అట్లాగే ఉండేవి మరి: 2024 డిసెంబర్‌లో అంతర్జాతీయ మార్కెట్‌లో కోకో టన్ను 12 వేల డాలర్లు దాటింది.

గాడ్జెట్లు: ఏది పనికొచ్చింది, ఏది అటకెక్కింది

కాంటా. ముందు వంటింటి కాంటా కొన్నాను, 10 కిలోల దాకా తూచేది, 1 గ్రాము రిజల్యూషన్. దీంతో 3 గ్రాములు తూచాలంటే నరకం. చెంచాతో కొంచెం కొంచెం పోస్తుంటే డిస్‌ప్లే సున్నా దగ్గరే ఉంటుంది. చాలా చవక కాంటాల్లో ఆటో జీరో ఉంటుంది. లోడ్ సెల్ రీడింగ్ మెల్లగా కదిలితే దాన్ని డ్రిఫ్ట్ అనుకుని మళ్లీ సున్నాకు లాక్కొస్తుంది. మీరు మెల్లగా పోసిన కోకో మొత్తం దాని లెక్కలో డ్రిఫ్టే. గిన్నెలో ఒకేసారి పోస్తే సరిగ్గా చూపిస్తుంది. తర్వాత 0.1 గ్రాముల పాకెట్ కాంటా 450 రూపాయలకు తీసుకున్నాను. అది చూసి అమ్మ, "గింత పొడికి కాంటానా? బంగారమా ఏంది?" అంది.

ఫ్రోదర్. కోకో పాలలో కరగదు, తేలుతుంది. చక్కెర పొడిలో చక్కెర గింజలే కోకోను విడదీసి కలుపుతాయి. చక్కెర లేకపోతే ఉండలు కట్టి, చివరి గుక్కలో బురద మిగులుతుంది. అందుకే ఫ్రోదర్ నిజంగా అవసరం. నేను కొన్నది యూఎస్‌బీ-సీ ఛార్జింగ్‌ది. మొదటి రోజు ఛార్జ్ ఎక్కలేదు. రిటర్న్ పెడదామనుకుంటుండగా అనుమానం వచ్చి పాత ఛార్జర్, ఏ-టు-సీ కేబుల్ పెడితే ఎక్కింది. చవక గాడ్జెట్లలో సీ పోర్టు ఉంటుంది కానీ లోపల 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు పెట్టరు. అవి లేకపోతే సీ-టు-సీ ఛార్జర్ అవతల ఏదో ఉందని గుర్తించదు, కరెంట్ వదలదు. కామెంట్స్‌లో ట్రిమ్మర్ల గురించి, టార్చిల గురించి నన్ను అడిగే ప్రశ్నలో సగానికి ఇదే జవాబు.

ఇండక్షన్ స్టవ్. వద్దు. చాలా చవక ఇండక్షన్‌లు తక్కువ సెట్టింగ్‌లో నిజంగా తక్కువ మంట ఇవ్వవు, ఫుల్ పవర్ కొన్ని సెకన్లు ఆన్, కొన్ని సెకన్లు ఆఫ్. ఆ ఆన్ అయిన సెకన్లలో పాలు అడుగంటుతాయి. మా ఇంట్లో రెండు గిన్నెలు మాడాయి. గ్యాస్ సిమ్‌లో పెట్టుకోండి.

ప్రోబ్ థర్మామీటర్. లగ్జరీ అనుకున్నాను, కానీ ఉంచేసుకున్నాను. బాపు పొగలు కక్కుతున్నప్పుడే తాగుతాడు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణం అయ్యే అవకాశం ఉందని 2016లో ఐఏఆర్‌సీ చెప్పింది. ఇప్పుడు కప్పు 60 దగ్గరికి వచ్చాకే ఇస్తున్నాను. నురగ కూడా ఆ వేడిలోనే మంచిగా నిలుస్తుంది.

తీపి దగ్గరే అసలు యుద్ధం

మొదటి రాత్రి నేను హీరోలా 10 గ్రాముల నేచురల్ కోకో, బర్రె పాలు, సున్నా చక్కెరతో ఇచ్చాను. బాపు ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాడు. "ఏంరా గిది, కషాయమా?" అన్నాడు. మళ్లీ ముట్టలేదు. నా మీద కోపంతో కాదు, మర్యాదగానే పక్కన పెట్టి పండుకున్నాడు. అది ఇంకా బాధ అనిపించింది.

బెల్లం: "నేచురల్" అని అందరూ చెప్పేదే. మరుగుతున్న పాలలో వేశాను, పాలు విరిగాయి. బెల్లంలో ఉండే పులుపు, లవణాలు వేడి పాలను విరగ్గొడతాయి. "పొయ్యి దించినంక వెయ్యాలె బెల్లం, గది కూడ తెల్వదా బీటెక్ చేసినోనికి?" అని అమ్మ. దించాక వేస్తే విరగలేదు, రుచి కూడా బాగుంది. కానీ బెల్లం కూడా ఎక్కువ భాగం సుక్రోజే, షుగర్ లెక్కలో దానికి డిస్కౌంట్ ఏం లేదు. పక్కన పెట్టేశాను.

స్టీవియా గోలీలు: కోకో చేదు మీద ఇంకో చేదు. పైగా బరువు తగ్గడానికి ఇలాంటి చక్కెర లేని తీపి పదార్థాలు వాడొద్దని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది (ఇప్పటికే డయాబెటిస్ ఉన్నవాళ్లకు ఆ సిఫార్సు వర్తించదు). బాపుకు రుచే నచ్చలేదు కాబట్టి చర్చ అక్కడితో ముగిసింది.

ఖర్జూరం: డబ్బా నిండా ఇంట్లోనే ఉంది, ఆయన తెచ్చిందే. దీన్ని కూడా అమృతం అనుకోకండి, బరువులో సుమారు మూడింట రెండు వంతులు చక్కెరే. కానీ పీచు ఉంటుంది, ముఖ్యంగా రుచి బలంగా ఉంటుంది, కొంచెంతో పని అవుతుంది. గింజ తీసి, వేడి నీళ్లలో నానబెట్టి, మెత్తగా నలిపి వేశాను. బాపు కప్పు ఖాళీ చేశాడు. "దుబాయ్ వాసనొస్తుంది" అన్నాడు.

అక్కడి నుంచి ఓటీఏ అప్‌డేట్ పద్ధతి పట్టాను. మొదట 12 గ్రాముల ఖర్జూరం. నాలుగు రోజులకు ఒక గ్రాము తగ్గింపు, ఎవరికీ చెప్పకుండా. నేను హైదరాబాద్‌లో ఉన్న రోజుల్లో అమ్మే ఆపరేటర్, వాట్సాప్‌లో "ఇయ్యాల 9" అని మెసేజ్ పెట్టేవాణ్ని. 7 దాకా బాపుకు తెలియలేదు. తొందరపడి 7 నుంచి ఒకేసారి 3కి దించితే ఆ రాత్రే పట్టేశాడు, రోల్‌బ్యాక్ చేయాల్సి వచ్చింది. ఇప్పుడు 4 దగ్గర నిలబడింది. అంటే సగం ఖర్జూరం, రెండున్నర గ్రాముల చక్కెర.

ఇంకో సమస్య చిక్కదనం. మెషిన్ కప్పు చిక్కగా ఉండేది, మాది నీళ్లలా ఉందని కంప్లెయింట్. కార్న్‌స్టార్చ్ వేద్దామా అని చదువుతుంటే మెక్సికోలో చంపురాడో అని ఒక పాత పానీయం కనిపించింది. చాక్లెట్‌ను మక్క పిండితో చిక్కగా కాస్తారు. అక్కడివాళ్లు చక్కెర ముఖమే చూడని కాలంలో కూడా కోకోను మక్కలతో, మిరపకాయతో కలిపి తాగేవాళ్లు. మా వైపు మక్కలకు కరువా? గట్క కోసం గిర్నీలో పట్టించిన పిండి ఇంట్లో ఉంది, సన్నటి జల్లెడ పట్టి 3 గ్రాములు వేశాను. సెట్ అయిపోయింది. తైదల పిండి కూడా ట్రై చేశాను, చిక్కదనం బాగుంది కానీ రంగు, వాసన రెండూ అంబలి వైపు పోయాయి. పసుపు మాత్రం వేయకండి. మెట్‌పల్లి పక్కనే ఉండి పసుపును కాదనడం పాపమే, కానీ కోకోలో అది పచ్చి వాసన కొట్టింది.

ఇప్పుడు నడుస్తున్న వెర్షన్

ఒక కప్పుకు: నేచురల్ కోకో 10 గ్రాములు, సన్నటి మక్క పిండి 3 గ్రాములు, చిటికెడు ఉప్పు, చిటికెడు దాల్చిన చెక్క పొడి, కొంచెం మిరియం. మీగడ తీసిన బర్రె పాలు లేదా టోన్డ్ పాలు 150 మిల్లీలీటర్లు, నీళ్లు 50. ఖర్జూరం 4 గ్రాములు, మీరు కొత్తగా మొదలుపెడితే 12.

ముందు పొడులన్నీ గిన్నెలో పొడిగానే కలపండి. ఇది మర్చిపోతే మక్క పిండి ఉండ కడుతుంది. 50 మిల్లీలీటర్ల వేడి నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ పేస్ట్ చేయండి. కోకో నిగనిగలాడే దాకా కలిపితే సగం పని అయినట్టే, వాసన కూడా అప్పుడే లేస్తుంది. తర్వాత పాలు మూడు విడతలుగా పోసి, సిమ్‌లో నాలుగు నిమిషాలు కలుపుతూ ఉడికించండి. మక్క పిండి పచ్చి వాసన పోవాలంటే ఆ నాలుగు నిమిషాలు ఉండాల్సిందే. దించాక ఖర్జూరం గుజ్జు. అరనిమిషం ఫ్రోదర్. చాయ్ జాలీతో వడకట్టండి. 60 డిగ్రీలు.

ఉప్పు ఎందుకంటే చేదును అణుస్తుంది, తక్కువ తీపి ఎక్కువగా తెలుస్తుంది. ఈ ఒక్క ట్రిక్కే నాకు రెండు గ్రాముల ఖర్జూరం మిగిల్చింది. పాలలో సహజంగా ఉండే లాక్టోజ్ 7 గ్రాముల దాకా ఉంటుంది, దాన్ని తీసేయలేం, ఆ సంగతి దాచను. కలిపే చక్కెర మాత్రం 19 నుంచి రెండున్నరకు వచ్చింది.

సెన్సర్, రాత్రి 2 గంటల అలారం

నంబర్లు చూడకపోతే నాకు నిద్ర పట్టదు. డాక్టర్‌ను అడిగి, 14 రోజులు పనిచేసే గ్లూకోజ్ సెన్సర్ ఒకటి తెప్పించాను. నాలుగు వేల పైనే అయింది. ప్రీడయాబెటిస్‌కు ఇది తప్పనిసరి ఏం కాదు, డాక్టర్ కూడా అదే అన్నాడు. బాపు ఎడమ చేయి వెనక అంటించి, ఆయన ఫోన్‌లో యాప్ వేశాను.

మొదటి మూడు రోజులు గ్రాఫ్‌లో గంటల కొద్దీ ఖాళీలు. సెన్సర్ తప్పు కాదు, ఫోన్ బ్యాటరీ ఆప్టిమైజేషన్ బ్యాక్‌గ్రౌండ్‌లో యాప్‌ను చంపేస్తోంది. ఇంట్లో పెద్దవాళ్లకు ఇలాంటి యాప్ వేస్తే ముందు బ్యాటరీ సెట్టింగ్ "నో రిస్ట్రిక్షన్స్" చేయండి, ఆటోస్టార్ట్ ఆన్ చేయండి, రీసెంట్స్‌లో యాప్‌ను లాక్ చేయండి. గేమ్ మధ్యలో యాప్ చస్తే మనకు చిరాకు, ఇక్కడ పరిస్థితి వేరు.

ఐదో రాత్రి 2 గంటలకు ఫోన్ మోగింది. 58, కిందికి బాణం గుర్తు. షుగర్ 70 కంటే తగ్గితే ప్రమాదం అని చదివి ఉన్నాను. నేను తగ్గించిన అన్నం, నేను తగ్గించిన ఖర్జూరం, అన్నీ ఒకేసారి తలలో తిరిగాయి. అమ్మ చక్కెర డబ్బాతో పరిగెత్తుకొచ్చింది. బాపును లేపి వేలికి గుచ్చి గ్లూకోమీటర్‌తో చూస్తే 104. మళ్లీ చూశాను. 101. ఆయన మా ముగ్గురిలో ప్రశాంతంగా ఉన్న ఒకే మనిషి. "ఏమైందిరా, ఎందుకు లేపిండ్రు?" అంటున్నాడు.

ఆయన ఎడమ వైపు తిరిగి సెన్సర్ మీదే పండుకున్నాడు. ఈ సెన్సర్లు రక్తాన్ని కొలవవు, చర్మం కింద కణాల మధ్య ద్రవాన్ని కొలుస్తాయి. పైనుంచి బరువు పడితే అక్కడ రక్త ప్రసరణ తగ్గి రీడింగ్ అబద్ధంగా పడిపోతుంది. దీన్ని కంప్రెషన్ లో అంటారు. రీడింగ్ అనుమానంగా ఉన్నా, ఒంట్లో లక్షణాలకు కలవకపోయినా వేలికి గుచ్చి చూడాల్సిందే. యాప్ సెటప్ చేసేటప్పుడు ఈ ముక్క పెద్ద అక్షరాల్లో ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు.

మిగిలిన రోజుల్లో పోలిక చూశాను. రోజూ జొన్నరొట్టె తిన్న రెండు గంటల తర్వాత కప్పు. రెండు రాత్రులు బాపు ఒప్పుకుంటేనే పాత డబ్బా పొడితో ఇచ్చాను (ఆయన ఒప్పుకోవడానికి రెండు సెకన్లు కూడా పట్టలేదు). పాత కప్పు తర్వాత గంటకు గ్రాఫ్ 180 దాటి ఎక్కింది, రెండు రాత్రులూ. కొత్త కప్పుతో 130ల్లోనే ఉండి దిగిపోయింది. ఇది పరిశోధన కాదు, ఒక మనిషి, కొన్ని రాత్రులు. గ్లూకోమీటర్లకే ఐఎస్ఓ ప్రమాణం ప్రకారం 15 శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చు, కాబట్టి 128కి, 135కి తేడా ఉందని నేను కొట్లాడను. 180కి, 130కి తేడా మాత్రం కనిపించింది. ఆయనకు కూడా. గ్రాఫ్‌లో ఆ రెండు కొండలను వేలితో చూపించి "గీ రెండు రోజులు డబ్బాదా?" అని అడిగాడు. అవునన్నాను. స్టోర్‌లో మిగిలిన డబ్బాను ఆయనే పక్కింటి వాళ్లకు ఇచ్చేశాడు. వాళ్లకు ఆ గ్రాఫ్ చూపించాలా వద్దా అని నాకు ఇప్పటికీ ఇబ్బందిగానే ఉంది.

మూడు నెలల టెస్ట్‌లో హెచ్‌బీఏ1సీ 5.9 వచ్చింది. ఇదంతా కప్పు వల్లే అని టైటిల్ పెడితే క్లిక్కులు వస్తాయి, కానీ అబద్ధం. పొద్దున పొలం గట్ల మీద నడక, రాత్రి అన్నం బంద్, చాయ్‌లో చక్కెర బంద్, అన్నీ కలిపి. డాక్టర్ మందులు రాయలేదు, ఆరు నెలలకు రమ్మన్నాడు.

ఖర్చు అడుగుతారు కాబట్టి: నాకు కప్పుకు కోకో 20 రూపాయల చిల్లర పడుతోంది, పాత పొడి కంటే ఎక్కువే. కొనాల్సినవి కాంటా, ఫ్రోదర్, అంతే. థర్మామీటర్ మీ ఇష్టం. సెన్సర్ డాక్టర్ చెబితేనే.

పోయిన వారం కోరుట్ల బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది. బాపు వంటింట్లో తనే కలుపుకుంటున్నాడు. కోకో చెంచాతో ఉజ్జాయింపుగా వేశాడు, ఖర్జూరం వేళ్లతో తుంచాడు. కాంటా ఏదని అడిగితే అమ్మ బీరువా వైపు చూపించింది. కమ్మలు తూచుకోవడానికి తీసుకుందట. నాకు తెలియకుండా ఆయన గిన్నెలో ఉన్న ఖర్జూరం ముక్క తీసి తూచాను. 3.6.